మన డబ్బే మనకు జీతంగా వేస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

సందేహం: టెక్సస్‌లో ఎమ్మెస్ కంప్యూటర్ సైన్స్ పూర్తి చేశాను. ఓపీటీ (చదువయ్యాక ఆ రంగంలో పని చేసుకునే అనుమతి) మొదలై 68 రోజులైంది, ఇంకా ఉద్యోగం రాలేదు. తెలిసినవాళ్ల ద్వారా ఒక కన్సల్టెన్సీ పరిచయమైంది. ఆఫర్ లెటర్ ఇస్తారట. నెలనెలా నేను వాళ్లకు పంపే డబ్బునే తిరిగి జీతంగా వేసి పేరోల్ రన్ చేస్తారట. రోజుల లెక్క ఆగిపోతుంది, మార్చిలో హెచ్-1బి (వర్క్ వీసా) కూడా వేస్తాం, ఖర్చులు మాత్రం మీవే అంటున్నారు. నాన్న పొలం తాకట్టు పెట్టి పంపారు, చాలా టెన్షన్‌గా ఉంది. అందరూ చేసేదే అంటున్నారు, నేనూ చేయవచ్చా?

జవాబు: వద్దమ్మా. ఉద్యోగం లేకుండా ఉండగల 90 రోజుల్లో మీకు మిగిలిన 22 రోజుల్లో చట్టప్రకారమే చేయగలిగిన పని ఉంది, అది కింద చెబుతాను. ముందు ఆ పేరోల్ సంగతి.

ఇలాంటి కేసుతో ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. ఓపీటీలో చేసిన ఉద్యోగానికి రుజువులు పెట్టమని ఇమిగ్రేషన్ వాళ్ల నుంచి నోటీసు వచ్చింది: జీతం స్లిప్పులు, డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్నుల పత్రం), బ్యాంక్ స్టేట్‌మెంట్లు, మేనేజర్ పేరు, చేసిన పని. స్టేట్‌మెంట్ తెరిచి చూస్తే ప్రతి నెలా 3వ తేదీన 2,900 డాలర్లు బయటికి వెళ్లాయి, రెండు రోజుల తర్వాత పేరోల్ పేరుతో 2,150 లోపలికి వచ్చాయి. పదకొండు నెలలు అదే వరస. మీ మేనేజర్ ఎవరు బాబూ అని నేనడిగితేనే చెప్పలేకపోయాడు, ఇక ఆఫీసరుకు ఏం చెబుతాడు? దాచిపెట్టడానికని తయారు చేసుకున్న కాగితాలే అతని మీద సాక్ష్యమయ్యాయి.

ఉద్యోగం లేని రోజులు 90 దాటితే స్టేటస్ (అక్కడ చట్టబద్ధంగా ఉండే హోదా) పోతుంది, అది నిజమే. కానీ స్టేటస్ పోవడం వేరు, ప్రభుత్వానికి అబద్ధం చెప్పడం వేరు. మొదటిదాన్నుంచి కోలుకునే దారులుంటాయి. రెండోది మోసంగా తేలితే అమెరికాలో అడుగుపెట్టకుండా శాశ్వత నిషేధం పడుతుంది. మినహాయింపులు ఉన్నాయి గానీ చాలా ఇరుకైనవి. రేపు పెళ్లయ్యాక డిపెండెంట్‌గా వెళ్లాలన్నా, పదేళ్ల తర్వాత విజిటర్ వీసాకు హైదరాబాద్ కాన్సులేట్‌లో నిలబడినా అదే ప్రశ్న మీ ముందుకు వస్తుంది.

హెచ్-1బి ఆశ చూపిస్తున్నారు కదా, అక్కడే అసలు ప్రమాదం. ఏటా 65 వేల వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20 వేలు, అంతే. 2024 నుంచి ఎన్ని కంపెనీలు వేసినా ఎంపిక లాటరీలో ఒక మనిషికి అవకాశాలు పెరగవు, కాబట్టి నాలుగు కంపెనీలతో వేయిస్తామనే మాట నమ్మకండి. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు, అమెరికాలో ఉంటూనే ఎఫ్-1 (విద్యార్థి వీసా) నుంచి మారేవాళ్లకు వర్తించదని ఆ అక్టోబర్‌లో స్పష్టం చేశారు. అయితే అలా మారాలంటే మీ ఎఫ్-1 స్టేటస్ చెడకుండా ఉండాలి. ఓపీటీ ఉద్యోగం ఉత్తిదని తేలితే ఆ మార్పు కుదరదు, అప్పుడు ఆ లక్ష మీ కేసుకూ వచ్చి పడుతుంది. మీ కోసం లక్ష డాలర్లు కట్టే కన్సల్టెన్సీ ఉంటుందా? పైగా హెచ్-1బి పిటిషన్ ఖర్చులు యజమాని పెట్టుకోవాల్సినవి. అందులో శిక్షణ నిధికి కట్టే ఫీజునైతే ఉద్యోగి చేత కట్టించకూడదని చట్టంలోనే ఉంది. మొదటి రోజే ఖర్చులు మీవే అన్నారంటే వాళ్ల సంగతి అర్థం చేసుకోండి.

ఇక మీ 22 రోజులు. మీరింకా మొదటి 12 నెలల ఓపీటీలో ఉన్నారు, ఇందులో జీతం లేని పని కూడా లెక్కలోకి వస్తుంది, వారానికి కనీసం 20 గంటలు ఉండాలి, మీరు చదివిన చదువుకు సంబంధించినదై ఉండాలి, కార్మిక చట్టాలకు అడ్డు రాకూడదు. లాభాపేక్ష ఉన్న కంపెనీలో జీతం లేకుండా చేస్తే ఆ చట్టాలతో చిక్కు వస్తుంది కాబట్టి మీ ప్రొఫెసర్ ల్యాబ్‌లోనో, స్వచ్ఛంద సంస్థలోనో అడగండి. ఒక సంస్థ డేటాబేస్ చూసుకోవడం, వెబ్‌సైట్ కోడ్ రాయడం మీ చదువుకు సరిపోయే పనులే. వాళ్ల లెటర్‌హెడ్ మీద చేరిన తేదీ, వారానికి గంటలు, పని వివరం, పైన చూసే వ్యక్తి పేరు రాయించుకుని 10 రోజుల్లోగా ఎస్ఈవీపీ పోర్టల్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైట్) నమోదు చేయండి. గంటలు నిజంగానే పని చేయాలి సుమా. ఒకటి గుర్తుంచుకోండి, తర్వాత వచ్చే 24 నెలల స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌లో (సైన్స్, టెక్నాలజీ చదువులవాళ్లకు ఓపీటీ పొడిగింపు) ఇది చెల్లదు, అక్కడ జీతం ఉండాలి, యజమాని ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, ఐ-983 ఫారం మీద శిక్షణ ఎలా ఇస్తారో రాసి సంతకం పెట్టాలి.

శనాదివారాలు కూడా లెక్కే. ఖాళీగా ఉన్న రోజుల్లో ఇండియా వెళ్లొచ్చినా రోజులు పడుతూనే ఉంటాయి. అందుకే సోమవారమే మీ డీఎస్ఓని (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) కలవండి. పని దొరక్కపోతే 90వ రోజు రాకముందే మరో కోర్సుకు ట్రాన్స్‌ఫర్ కావాలి, లేదా తిరిగి వచ్చేయాలి. ఓపీటీ సవ్యంగా పూర్తి చేసినవాళ్లకు ఉండే 60 రోజుల గడువు 90 దాటిపోయినవాళ్లకు ఉండదు. తిరిగి రావడం ఎంత కష్టమో, ముఖ్యంగా తాకట్టులో ఉన్న పొలం గుర్తొస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాన్నగారికి ఈ 22 రోజుల సంగతి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి, మీరొక్కరే మోయకండి. రికార్డు శుభ్రంగా ఉంటే మళ్లీ వెళ్లే దారి మూసుకుపోదు.

ఇప్పటికే ఆ కంపెనీ పేరు పోర్టల్‌లో ఎక్కించి ఉంటే మాత్రం మీ అంతట మీరు దేన్నీ దిద్దకండి, ముందు ఒక ఇమిగ్రేషన్ లాయరును కలవండి. కన్సల్టెన్సీ చూపించే లాయరు వద్దు, ఆయన క్లయింటు ఆ కంపెనీయే.