ప్రశ్న – జవాబు: సెర్చ్‌లో మాయమయ్యే మాటలు

ప్రశ్న: మా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఇంగ్లిష్ ఆరోగ్య పత్రాలున్నాయి. డబ్ల్యూహెచ్‌ఓ అని కొడితే ఒక్క ఫలితమూ రాదు. పక్కన 'గైడ్‌లైన్స్' చేరిస్తే సంబంధం లేనివన్నీ వచ్చి పడుతున్నాయి. ఇండెక్స్ పాడైందా?

జవాబు: ఇండెక్స్‌కేమీ కాలేదు. ఆ సంస్థ పొట్టిపేరుకూ, 'ఎవరు' అనే అర్థంలో వాడే ఇంగ్లిష్ 'హూ'కూ స్పెల్లింగ్ ఒకటే. 'ఇంగ్లిష్' కాన్ఫిగరేషన్‌లో (మాటలను ఎలా కుదించి దాయాలో చెప్పే అమరికలో) అది స్టాప్‌వర్డ్, అంటే మరీ తరచుగా వస్తుందని సెర్చ్ వదిలేసే మాట. మాటను చిన్నక్షరాల్లోకి మార్చాకే జాబితాతో పోలుస్తారు కాబట్టి పెద్దక్షరాల్లో కొట్టినా అంతే. అది ఇండెక్స్‌లోకి ఎక్కలేదు, క్వెరీలోంచీ తొలగిపోతుంది. ఒంటరిగా కొడితే క్వెరీ ఖాళీ అవుతుంది, ఖాళీ క్వెరీకి ఏ వరుసా తగలదు. సర్వర్ ఒక నోటీసు పంపుతుంది గానీ చాలా అప్లికేషన్లు దాన్ని చూపించవు. రెండు మాటలు కొట్టినప్పుడు వెతికేది 'గైడ్‌లైన్స్' ఒక్కదాన్నే.

చాలామంది క్వెరీని మాత్రం 'సింపుల్' కాన్ఫిగరేషన్‌కు మార్చి ఊరుకుంటారు. దాంతో పని ఇంకా చెడుతుంది: క్వెరీలో ఉన్న మాట ఇండెక్స్‌లో ఉండదు. పైగా ఇండెక్స్‌లో 'గైడ్‌లిన్' అని కుదించి దాస్తే క్వెరీలో 'గైడ్‌లైన్స్' అని పూర్తిగా అడుగుతారు. రెండు వైపులా ఒకే కాన్ఫిగరేషన్ ఉండాలి.

సరైన దారి ఇది. సర్వర్ షేర్ డైరెక్టరీలోని 'టీసెర్చ్_డేటా' ఫోల్డర్‌లో 'ఇంగ్లిష్.స్టాప్' ఫైలుకు కాపీ తీసి, అందులో 'హూ' ఉన్న ఒక్క లైను కొట్టేయండి. మాటలను మూలరూపానికి కుదించే స్నోబాల్ టెంప్లేట్‌తో కొత్త డిక్షనరీ చేసి, 'స్టాప్‌వర్డ్స్' దగ్గర ఆ ఫైలు పేరు ఎక్స్‌టెన్షన్ లేకుండా ఇవ్వండి. తర్వాత 'ఇంగ్లిష్' కాన్ఫిగరేషన్‌ను కాపీ చేసి, మ్యాపింగ్‌లో 'ఇంగ్లిష్_స్టెమ్' స్థానంలో కొత్త డిక్షనరీ పెట్టండి. చివరగా, కుదించిన మాటలు దాచే టీఎస్‌వెక్టర్ కాలమ్‌ను కొత్త కాన్ఫిగరేషన్‌తో మళ్లీ నింపాలి. పాత వరుసలు వాటంతటవే మారవు.

ఫైళ్లు ముట్టుకోనివ్వని క్లౌడ్ సర్వర్‌లోనైతే 'స్టాప్‌వర్డ్స్' ఇవ్వకుండానే డిక్షనరీ చేయొచ్చు. అప్పుడు ఏ మాటా పోదు, ఇండెక్స్ మాత్రం లావెక్కుతుంది. ర్యాంకింగ్ కూడా దెబ్బతింటుంది: ఫలితాలకు మార్కులేసే 'టీఎస్_ర్యాంక్' ఒక మాట మొత్తం పత్రాల్లో ఎంత అరుదో చూడదు, దాని లెక్కలో 'ద'కూ 'మలేరియా'కూ తేడా లేదు. అందుకే వీలైతే ఒక్క లైను తీసేయడమే మేలు.

ప్రశ్న: మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని ఇన్నోడీబీలో (టేబుళ్లను దాచే ఇంజిన్) స్టాప్‌వర్డ్‌లు ఆపేశాను. అయినా 'ఐటీ' అనే రెండక్షరాల ఇంగ్లిష్ మాట దొరకడం లేదు.

జవాబు: అక్కడ రెండు జల్లెడలున్నాయి. మీరు తీసింది ఒకటే. 'ఇన్నోడీబీ_ఎఫ్‌టీ_మిన్_టోకెన్_సైజ్' డిఫాల్ట్ 3, అంతకంటే పొట్టి మాటలు ఇండెక్స్‌లోకి రావు. కాన్ఫిగరేషన్ ఫైల్లో 2 చేసి, సర్వర్ రీస్టార్ట్ చేసి, ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్‌ను తీసేసి మళ్లీ కట్టండి. స్టాప్‌వర్డ్ మార్పు కూడా ఇండెక్స్ కట్టేటప్పుడే పనిచేస్తుంది. 'ఎఫ్‌టీ_స్టాప్‌వర్డ్_ఫైల్' జోలికి పోకండి, అది మైఎస్‌క్యూఎల్‌లోని మరో ఇంజిన్ మైఐశామ్‌ది.

మైఐశామ్ టేబుల్‌లో మరో తిరకాసు: సగం లేదా అంతకంటే ఎక్కువ వరుసల్లో ఉన్న మాటను, బూలియన్ మోడ్ కాకపోతే, అది స్టాప్‌వర్డ్‌గానే చూస్తుంది. రెండు మూడు వరుసలతో టెస్ట్ చేసేవాళ్లకు ఏమీ కనిపించకపోవడం ఇందువల్లే.

ప్రశ్న: ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 'కంటెయిన్స్' అనే సెర్చ్ షరతులో రెండు మాటలను 'ఆండ్'తో కలిపితే సున్నా వరుసలు వస్తున్నాయి.

జవాబు: రెండింట్లో ఒకటి స్టాప్‌వర్డ్ అయ్యుంటుంది. 'సిస్.డీఎం_ఎఫ్‌టీఎస్_పార్సర్' ఫంక్షన్‌కు మీ క్వెరీ ఇచ్చి చూడండి, ఆ మాట ఎదురుగా 'నాయిస్ వర్డ్' (అంటే స్టాప్‌వర్డే) అని కనిపిస్తుంది. 'ట్రాన్స్‌ఫార్మ్ నాయిస్ వర్డ్స్' ఆప్షన్ డిఫాల్ట్‌గా 0. 1 చేస్తే మిగతా మాటతో ఫలితాలొస్తాయి.