చెరువు కట్టా, కోట గోడా?

ప్రశ్న: చంద్రగిరి దగ్గర మా చేని పక్కన నడుమెత్తు మట్టిదిబ్బ వంపు తిరిగి ఉంది. పాత కోట గోడ అంటున్నారు, నిజమేనా?

జవాబు: ముందు నేల వాలు చూడండి. చెరువు కట్టయితే రెండు కొసలూ మెరకను తాకుతాయి. లోవైపు రాతి పేర్పు, దాని ముందు సన్నటి ఒండ్రు ఉంటాయి. తూము రాళ్లు, అంటే రెండు నిలువు కంబాలూ పైన అడ్డదూలమూ మిగిలుంటే ఇక వాదనే లేదు. కొసన మరవ, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు, ఆనవాలు కూడా వెతకండి. కోట గోడ వాలుతో పనిలేకుండా చుట్టి వస్తుంది. బయట పూడిన అగడ్త పల్లంగా కనిపిస్తుంది. వానలు వెలిశాక సాయంత్రపు ఏటవాలు ఎండలో ఇవన్నీ తేటగా తెలుస్తాయి. నలుపు-ఎరుపు కుండపెంకులు దొరికాయని ఇనుపయుగం అనేయకండి, కట్టకు మట్టి ఎక్కడినుంచి తోలారో ఏమో! జేసీబీ మాత్రం పెట్టొద్దు. 10 రూపాయల విలువ దాటిన నిక్షేపం, అంటే నేలలో దాచిన సొత్తు, బయటపడితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి.