చైనా గ్రాస్ ఎందుకు గడ్డకట్టలేదు?

ప్ర: జెలటిన్ వద్దని పాల పుడ్డింగ్‌లో చైనా గ్రాస్ వేశాను. నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెట్టినా పైన నీళ్లు, అడుగున ఉండలు. తప్పెక్కడ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జ: జెలటిన్ వాడే పద్ధతిలోనే చేసినట్టున్నారు. జెలటిన్ పశువుల తోలు, ఎముకల నుంచి తీసే ప్రొటీన్. నానబెడితే కాస్త వేడికే కరిగిపోతుంది. చైనా గ్రాస్ సముద్రపు ఎర్రనాచు నుంచి వస్తుంది, మరిగితే తప్ప కరగదు.

అర లీటరు పాలకు 5 గ్రాముల పోగులు చాలు. కత్తెరతో ముక్కలు చేసి, కప్పు నీళ్లలో పావుగంట నానబెట్టి, ఆ నీళ్లతోనే సన్నమంట మీద మరిగించండి. గరిటెతో ఎత్తి చూస్తే ఒక్క తునకైనా కనిపించకూడదు. పాలు, చక్కెర వేరే గిన్నెలో కాచి, రెండూ వేడిగా ఉండగానే వడకట్టి కలపాలి. మీ ఉండలకు కారణం చాలావరకు ఇక్కడే ఉంటుంది: చల్లటి పాలు తగిలిన చోటల్లా చైనా గ్రాస్ అప్పటికప్పుడే బిగుసుకుపోతుంది. ఫ్రిజ్ అక్కర్లేకుండానే, 40 డిగ్రీల దిగువకు రాగానే గడ్డకట్టే గుణం దానిది.

గిన్నెల్లో పోసే ముందు చల్లటి స్టీలు పళ్లెం మీద ఒక చుక్క వేయండి. రెండు నిమిషాల తర్వాత వేలితో తోస్తే ముద్దగా కదలాలి. జారిపోతే ఇంకొంచెం చైనా గ్రాస్ విడిగా కరిగించి కలపండి. గడ్డకట్టనిదాన్ని పారబోయకండి, మళ్లీ మరిగిస్తే కరుగుతుంది.

పండ్ల రసంతో చేసేటప్పుడు నిమ్మరసం పొయ్యి మీంచి దించాకే వేయాలి, పులుపుతో మరిగితే పట్టు తగ్గుతుంది. పచ్చి పైనాపిల్, బొప్పాయి ముక్కలు జెలటిన్‌ను గడ్డకట్టనివ్వవు, వాటిలోని ఎంజైములు ప్రొటీన్‌ను విరిచేస్తాయి. చైనా గ్రాస్‌కు ఆ బాధ లేదు. కానీ పచ్చి పైనాపిల్‌ను పాలల్లో మాత్రం వేయకండి, చేదెక్కుతుంది. ఇంకొకటి, ఇది జెలటిన్‌లా నోట్లో కరగదు, కొరికితే పుటుక్కున తెగుతుంది. నాకైతే పాల పుడ్డింగ్‌కు అదే నప్పుతుంది.

ప్ర: అమెరికాలో ప్యాకెట్ల మీద పచ్చచుక్క ఉండదు. శాకాహారమో కాదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, డల్లాస్

జ: పదార్థాల జాబితా చదవాల్సిందే. మార్ష్‌మాలోల్లో, కొన్ని యోగర్ట్‌లలో జెలటిన్ ఉంటుంది. డబ్బా రీఫ్రైడ్ బీన్స్‌లో లార్డ్, అంటే పందికొవ్వు, ఉండొచ్చు. ఎర్ర రంగుకు వాడే కార్మైన్ కాక్టస్ మీద బతికే పురుగుల నుంచి తీస్తారు. 2011 నుంచి దాని పేరు లేబుల్ మీద తప్పనిసరి. చీజ్ మీద ఉత్త ‘ఎంజైమ్స్’ అని ఉంటే అది పాలను విరగ్గొట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ కావచ్చు. ఇటలీ పార్మిజానో రెజ్జానోలో ఎప్పుడూ అదే. నూనె, నీళ్లు విడిపోకుండా కలిపే కొవ్వు పదార్థాలైన మోనో, డైగ్లిజరైడ్లు మొక్కలవో పశువులవో లేబుల్ చెప్పకపోతే కంపెనీకి రాసి అడగండి.

ప్ర: పురుగు చావని పట్టు నిజంగా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, హిందూపురం

జ: ఉంటుంది. మామూలుగా పురుగు బయటికి రాకముందే పట్టుగూళ్లను వేడికి గురిచేస్తారు. పురుగు రెక్కల చిలుకగా మారి గూడు తొలుచుకుని వస్తే ఏకధాటిగా లాగాల్సిన పోగు తెగిపోతుంది కాబట్టి. చేనేత శాఖలో పనిచేసిన కుసుమ రాజయ్య రూపొందించిన ‘అహింసా పట్టు’లో చిలుక ఎగిరిపోయాక ఖాళీ గూళ్లనే వడుకుతారు. అందుకే ఆ బట్ట మెరుపు తక్కువ, ధర ఎక్కువ. వేలితో రాస్తే అక్కడక్కడా సన్నటి బుడిపెలు తగులుతాయి. అహింసా పట్టు అని చూపించిన చీర అద్దంలా నున్నగా ఉంటే, పట్టుదారం ఎక్కడిదో అడిగాకే కొనండి.