పాత భూమి కాగితాలు చదవబోయే మేనకోడలికి

బిడ్డా,

మీ సీనియర్ లాయరు నీకు ఒక భూమి తాలూకు పాత కాగితాల కట్ట ఇచ్చి, ఆ భూమి మీద హక్కు ఎవరిదో తేల్చి ఒపీనియన్ రాయమన్నారని, అందులో సగం మాటలు అర్థం కాక టెన్షన్ పడుతున్నావని తెలిసింది. నిఘంటువు దగ్గర పెట్టుకో, మంచిదే. కానీ మాటకు అర్థం వెతికే ముందు ఆ కాగితం ఏ ఏడాదిది, ఏ ప్రభుత్వం కింద, ఏ చట్టం కింద పుట్టిందో తేల్చుకో. అది తేలితే మాట దానంతట అదే విడిపోతుంది.

ముందు తేదీలు. నిజాం కాలం నాటి కాగితంలో ఫసలీ, అంటే శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. 1358 ఫసలీ అంటే 1948-49. ఆజూర్, దై, బహమన్ అని నెలల పేర్లు కనబడితే అవి మనుషుల పేర్లో ఊళ్ల పేర్లో అనుకోకు, ఫసలీ నెలలు. కట్టలోని ప్రతి కాగితం మీద పెన్సిల్‌తో ఇంగ్లిష్ సంవత్సరం వేసుకుని, వరసగా పేర్చుకున్నాకే చదవడం మొదలుపెట్టు. ఉర్దూ కాగితాలను తెలిసినాయనతో నోటిమాటగా చదివించుకుని సరిపెట్టుకోవద్దు. రాతపూర్వకంగా అనువాదం చేయించి, అనువదించినవారి సంతకం తీసుకో.

ఇక మాటలు. 'కబ్జా' అనగానే నీకు పేపర్లో చదివే ఆక్రమణ గుర్తొస్తుంది. పాత అమ్మకం కాగితంలో 'కబ్జా ఇచ్చినాను' అని ఉంటే అది భూమిని కొన్నవాడి స్వాధీనం చేశానని చెప్పే మాట. అందులో తప్పు లేదు సరికదా, మన క్లయింటుకు అదే బలం. అలాగే 'విరాసత్' అని ఉంటే వారసత్వం కింద పేరు మారిందని.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది 'పట్టా' దగ్గర. జనం అన్నిటినీ పట్టా అనే అంటారు. సొంత హక్కున్న పట్టా వేరు, సర్కారు భూమిని పేదవాడికి సాగుకిచ్చిన పట్టా వేరు. ఈ రెండోదాన్ని మన తెలంగాణలో లావుణి పట్టా అంటారు, రాయలసీమలో డీకేటీ అంటారు, కోస్తాలో డీ-ఫారం పట్టా అంటారు. 1977లో వచ్చిన 9వ నంబరు చట్టం అలాంటి అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించింది. అయితే లావుణి అన్న మాట కనబడగానే అమ్మకం చెల్లదని రాసేయకు. ఆ చట్టంలో అసైన్డ్ భూమికి ఇచ్చిన నిర్వచనం చదువు. భూమి లేని పేదలకు, అమ్ముకోకూడదన్న షరతుతో ఇచ్చిన భూమి అని ఉంటుంది. కాబట్టి పట్టా ఎప్పుడు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, అందులో ఆ షరతు ఉందా లేదా అన్నది అసలు పట్టా తెప్పించి చూడాలి. ఈ ఒక్క విషయం చూడకపోవడం వల్ల కుటుంబాలు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగడం నేను చూశాను. నీ చేతి మీదుగా అలా జరగకూడదు.

తర్వాత పహాణీ. ఆంధ్రలో దీన్నే అడంగల్ అంటారు. ఏటా భూమి ఎవరి పేరున ఉంది, ఎవరు దున్నుతున్నారు, ఏ పంట వేశారు అని రాసే రికార్డు అది. పట్టాదారు గడి, అనుభవదారు గడి పక్కపక్కనే ఉంటాయి, రెండింటినీ కలిపి చదవకు. ఒకటి పేరు, ఒకటి స్వాధీనం. శిస్తు కోసం రాసుకున్న రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు పుట్టదని సుప్రీంకోర్టు మళ్లీ మళ్లీ చెప్పింది. కానీ 1954-55 నాటి ఖాస్రా పహాణీకి మాత్రం ప్రత్యేకమైన విలువ ఉంది. అది 1358 ఫసలీ నాటి హక్కుల రికార్డు రెగ్యులేషన్ కింద తయారైంది. తెలంగాణ భూమి కేసుల్లో లాయర్లందరూ ముందు అడిగేది దాన్నే. దాని సర్టిఫైడ్ కాపీ లేకుండా నువ్వు ఒపీనియన్ మీద సంతకం పెట్టొద్దు.

ఆ ఖాస్రాలో రక్షిత కౌలుదారు అన్న మాట ఎక్కడైనా ఉందేమో వెతుకు. 'కౌలుదారు' అంటే నేడు ఏడాదికో రెండేళ్లకో సాగుకు తీసుకునేవాడు. రక్షిత కౌలుదారు అంటే 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం హక్కు ఇచ్చినవాడు. 38-ఇ సెక్షన్ కింద అతను ఆ భూమికి యజమానే కావచ్చు. అతని మనుమలు ఈ రోజు వచ్చి అడిగినా ఆ మాటకు బలముంటుంది. ఇనాం, అంటే పాలకులు బహుమానంగానో సేవకు బదులుగానో ఇచ్చిన భూమి అని ఉంటే, ఓఆర్‌సీ (ఇనాంలు రద్దయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ రైట్స్ సర్టిఫికెట్, అంటే హక్కు పత్రం) వచ్చిందా లేదా అని అడుగు.

'సాదాబైనామా' అంటే తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం. వంద రూపాయలు, అంతకు పైబడిన ఆస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి అది ఒక్కటే ఉంటే చాలదు. దాన్ని 1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాస్‌బుక్కుల చట్టంలోని 5-ఏ కింద క్రమబద్ధం చేసి తహసీల్దారు 13-బి సర్టిఫికెట్ ఇచ్చారా అని చూడు. ఇచ్చి ఉంటే ఆ ఫైలు నకలు కూడా తీసుకో.

ఆంధ్ర వైపు కాగితాలు వస్తే దస్తావేజు పేరు చూసి మోసపోవద్దు. పైన విక్రయం అని రాసి ఉంటుంది, లోపల గడువులోగా సొమ్ము కడితే భూమి తిరిగి రాసిస్తామని ఒక షరతు ఉంటుంది. అది తాకట్టు కావచ్చు. ఆస్తి బదిలీ చట్టానికి 1929లో చేసిన సవరణ తర్వాత ఆ షరతు అదే దస్తావేజులో ఉంటేనే తాకట్టు అవుతుంది, వేరే కాగితంలో రాసుకుంటే కాదు. అందుకే చివరి పేజీ దాకా చదవాలి.

ఒపీనియన్ రాసేటప్పుడు పాత మాటను ఉన్నది ఉన్నట్టు ముందు రాయి. దాని అర్థం నీ మాటల్లో పక్క వాక్యంలో చెప్పు. లావుణి అన్నచోట నువ్వే అసైన్డ్ అని మార్చి రాస్తే, రేపు అవతలి లాయరు ఆ మాటనే పట్టుకుంటాడు. శిఖం, బంచరాయి, ఖారిజ్ ఖాతా వంటి మాటలు కనబడితే వాటి కింద గీత గీసి పెట్టు. మొదటిది చెరువు నీళ్లు నిలిచే భూమి, రెండోది పశువుల మేతకు వదిలింది, మూడోది ఖాతా నుంచి తీసేసి సర్కారు కింద చేరింది. మూడూ మామూలు సాగుభూముల్లా అమ్ముడయ్యేవి కావు.

ఈ వారం ఖాస్రా కాపీకి దరఖాస్తు పెట్టు. కట్టలో కౌలుకు సంబంధించిన ఉర్దూ కాగితం ఏదైనా ఉంటే ముందు దాని ఫోటో తీసి నాకు పంపు.

మీ మేనమామ