సారం ఎక్కువే వచ్చింది, బలం ఎందుకు తగ్గింది?

ప్రశ్న: ఆకు కోసం రెండెకరాల్లో మునగ వేశాను. ఎండిన ఆకు పొడిని నీళ్లలో మరిగించి చిక్కటి సారం తీస్తున్నాను. మొదటిసారి అరగంట మరిగించాను. అదే కోత ఆకును రెండోసారి మూడు గంటలు మరిగించి, ఇనుప మూకుడులో దగ్గరపడేదాకా కాచాను. సారం ఎక్కువ వచ్చింది కానీ నల్లగా ఉంది. ల్యాబ్‌లో యాంటీఆక్సిడెంట్లు మొదటిదానికంటే తక్కువని తేలింది. మునగ రకం మార్చమంటారా?

జవాబు: రకం మార్చకండి. రెండుసార్లూ ఒకే కోత ఆకు కాబట్టి తోటలో లోపం లేదు. నష్టమంతా పొయ్యి దగ్గర జరిగింది.

ముందు ఆ మూకుడు పక్కన పెట్టండి. ఆకులో యాంటీఆక్సిడెంట్లుగా పనిచేసే ఫినాలిక్ పదార్థాలు ఇనుముతో కలిస్తే నల్లటి సమ్మేళనాలు ఏర్పడతాయి. ఉసిరికాయను ఇనుప కత్తితో కోస్తే ముక్క నల్లబడేది ఇందుకే. స్టీలు గిన్నె వాడండి.

ఇక మరిగించడం. వేడి నీళ్లు ఆకు కణాల్లోకి త్వరగా చొరబడి క్వెర్సెటిన్, క్లోరోజెనిక్ ఆమ్లం వంటి ఫినాలిక్ పదార్థాలను బయటికి లాగుతాయి. అయితే ఇందులో ఎక్కువ భాగం మొదట్లోనే వచ్చేస్తుంది. ఆ తర్వాత కాచే కొద్దీ దిగేది చాలావరకు చక్కెరలు, జిగురు, లవణాలు. వచ్చిన మంచి పదార్థం మాత్రం వేడికీ గాలికీ విరిగిపోతూ ఉంటుంది. విటమిన్ సి అయితే మరీ త్వరగా పోతుంది. మీకు బరువు పెరిగి బలం తగ్గింది ఇలాగే.

ల్యాబ్ రిపోర్టు చదవడంలో చాలామంది పొరబడతారు. అందులో అంకె గ్రాము సారానికి ఇస్తారు. ఉదాహరణకు, కిలో పొడి నుంచి 200 గ్రాముల సారం వచ్చి, గ్రాముకు 60 మిల్లీగ్రాముల ఫినాలిక్స్ ఉంటే మొత్తం 12 గ్రాములు. సారం 280 గ్రాములకు పెరిగి, గ్రాముకు 40కి పడిపోతే మొత్తం 11.2 గ్రాములే. అంటే గంటల తరబడి కట్టెలు కాల్చి ఉన్నది పోగొట్టుకున్నట్టే. మీ రెండు రిపోర్టులకూ ఈ లెక్క వేసి చూడండి.

నా సలహా ఇది. ఆకును నీడలో, గాలి ఆడేచోట పలచగా ఆరబెట్టండి. పొడిని మరీ మెత్తగా చేయొద్దు, వడకట్టేటప్పుడు గుడ్డ మూసుకుపోతుంది. కిలో పొడికి 10 నుంచి 15 లీటర్ల నీళ్లు పోసి, 60 డిగ్రీల దగ్గర కలుపుతూ అరగంట ఉంచి వడకట్టండి. థర్మామీటర్ తప్పనిసరి, కంటితో అంచనా వద్దు. మిగిలిన పిప్పిలో కొత్త నీళ్లు పోసి ఇంకోసారి తీయండి. ఒకే నీటిలో మూడు గంటలు కాచడం కంటే ఇది చాలా మేలు.

చిక్కబెట్టడంలోనే అసలు టెన్షన్. నేరుగా మంట మీద పెడితే అడుగున మాడుతుంది, అప్పటిదాకా పడ్డ శ్రమ వృథా. గాలి ఒత్తిడి తగ్గించే వాక్యూమ్ యంత్రంలో నీరు 50–60 డిగ్రీలకే ఆవిరైపోతుంది. అది అందుబాటులో లేకపోతే వెడల్పాటి స్టీలు పళ్లెంలో పలచగా పోసి, కింద వేడినీళ్ల గిన్నె పెట్టి ఆరనివ్వండి. తయారైన సారాన్ని వెలుతురు తగలని సీసాలో, గాలి చొరకుండా మూత బిగించి దాచండి.

నీళ్లలో ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కలిపితే సారం బాగా వస్తుందని వినే ఉంటారు, నిజమే. నీళ్లు ఒక్కటే, ఇథనాల్ ఒక్కటే వాడటం కంటే రెండూ కలిపిన ద్రావణంలో ఫినాలిక్స్ సాధారణంగా ఎక్కువ దిగుతాయి. కానీ అది మండే ద్రవం, పొయ్యి దగ్గరికి రాకూడదు. శిక్షణ, తగిన యంత్రం లేకుండా ఇంట్లో ప్రయత్నించొద్దని గట్టిగా చెబుతున్నాను. మిథనాల్ అనే ఇంకో ఆల్కహాల్ విషం, దాన్ని ముట్టుకోనే వద్దు.

వచ్చే కోతలో ఒకే సంచిలోని పొడిని మూడు భాగాలు చేసి, 60 డిగ్రీల దగ్గర 20, 40, 60 నిమిషాలు ఉంచి తీయండి. ఒక్కో సీసా మీద సమయం, వేడి, పొడి బరువు, వచ్చిన సారం బరువు రాసి మూడూ ఒకేసారి ల్యాబ్‌కు పంపండి. మీ ఆకుకు ఎన్ని నిమిషాలు సరిపోతాయో ఆ మూడు సీసాలే తేల్చేస్తాయి.