కట్టలు విప్పే ముందు

బిడ్డా, ఆశీస్సులు.

దసరా సెలవుల్లో వచ్చి మీ బాపు నడిపిన పత్రిక సామానంతా స్కాన్ చేయిస్తానని నువ్వు పంపిన మెసేజ్ చూశాను. సంతోషం. కానీ స్కానర్ బేరం అప్పుడే చేయకు. ముందు ఒక లావుపాటి రూళ్ల నోట్‌బుక్కు, మెత్తగా రాసే పెన్సిళ్లు కొనుక్కో. మొదటి వారం పనంతా వాటితోనే.

వరంగల్ మట్టెవాడ ఇంట్లోని ఆ బీరువాలు తెరిస్తే నీకంతా చిందరవందరగా కనిపిస్తుంది. కథలు ఒకచోట, ఉత్తరాలు ఒకచోట, ఫొటోలు ఒకచోట సర్దాలని చేతులు ఊరుకోవు. ఆ పని మాత్రం చేయకు. మీ బాపు సంచికకో కట్ట కట్టి పురికొస చుట్టేవాడు. ఆ సంచికకు వచ్చిన రాతప్రతులు, రచయితల కార్డులు, ప్రూఫులు, పేజీల డమ్మీ (ఏది ఎక్కడ రావాలో గీసుకున్న నమూనా), ప్రెస్సు బిల్లు, వేసిన ఫొటోలు, వేయకుండా మిగిలినవి, అన్నీ అందులోనే ఉంటాయి. సిరిసిల్ల మగ్గాల ఫొటో లోపలి పేజీ నుంచి అట్ట మీదికి ఎందుకొచ్చిందో దాని పక్కనున్న కార్డు చెబుతుంది. విడదీశావంటే కార్డుకు అర్థం ఉండదు, ఫొటోకు కారణం ఉండదు. కాబట్టి కట్టకు ఒక నంబరు, లోపల ఉన్నవాటికి అదే వరసలో నంబర్లు. పద్నాలుగో కట్టలో మూడో కాగితం 14-3. అంతకన్నా తెలివైన పద్ధతి అక్కర్లేదు. తుప్పు పట్టిన పిన్నులు, సాగిపోయిన రబ్బరు బ్యాండ్లు తీసేయి, పురికొస ఉండనీ.

ఫొటో చేతికి రాగానే వెనక్కి తిప్పి చూడు. రంగు పెన్సిల్ గీతలు, ఎన్ని కాలమ్‌ల వెడల్పో, బ్లాకు చేసేవాళ్ల నంబరు కనిపిస్తాయి. ట్రెడిల్ అచ్చు యంత్రం మీద అచ్చు వేసే రోజుల్లో ప్రతి ఫొటోకూ జింకు బ్లాకు (ఫొటో చెక్కిన లోహపు పలక) చేయించాలి, దానికి చదరపు అంగుళాల లెక్కన డబ్బు. చేతిలో డబ్బు లేని నెలల్లో నలుగురున్న ఫొటోలో ఇద్దరిని కోసి ఇద్దరినే వేసేవాళ్లం. ఆ గీతలు చూస్తేనే మిగతా ఇద్దరున్నారని తెలుస్తుంది. అందుకే రెండు పక్కలా స్కాన్ చేయాలి. షాపువాడు డబ్బు ఎక్కువడిగినా సరే.

ఇక అన్నిటికన్నా తొందర పని పేర్లు. సాహిత్య సభల ఫొటోలతో నీకు బాధ లేదు. కుర్చీల వరస చివరిదాకా పేర్లు రాసి ఉంటాయి. కాళోజీ పక్కన నిలబడ్డవాడు తన పేరు మరిచిపోనిస్తాడా! (ఆ వరసల్లో నేనూ ఉన్నాలే.) అదే సంచికలో 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు ఫొటో కింద చూడు, 'కార్మికులు' అని ఉంటుంది. బీడీలు చుట్టే తల్లి కింద 'ఒక శ్రామిక మహిళ'. మన పత్రికే కాదు, అప్పటి చాలా పత్రికలు ఇంతే. నెగటివ్ ఇంకో పదేళ్లు ఆగుతుందేమో, ఆమెను గుర్తుపట్టే మనిషి ఆగకపోవచ్చు. కాపీ ప్రింట్లు తీసుకుని ఆ ఊళ్లకు పో, అసలువి బయటికి తీయకు. పోగానే 'వీళ్లెవరు' అని అడిగితే పోలీసులు అడిగినట్టుంటుంది. 'ఇది ఏ వాడకట్టు' అని అడుగు. వాడకట్టు చెప్పినవాళ్లు ఇల్లు చెప్తారు, ఇల్లు చెప్పినవాళ్లు మనిషిని చెప్తారు. ఫోన్‌లో మాట రికార్డు చేసుకో, ఎవరు చెప్పారో ఏ రోజు చెప్పారో నోట్‌బుక్‌లో రాయి. ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ రాయి.

తేదీ లేని ఫొటోలు చాలా ఉంటాయి. కార్డుల మీది పోస్టు ముద్ర ఒక ఆధారం. బండి నంబర్లూ పనికొస్తాయి: తెలంగాణ వచ్చాక వరంగల్ బండ్లకిచ్చిన టీఎస్ 03 కనిపిస్తే అది 2014 జూన్‌కు ముందు ఫొటో కాదు. అంతకుముందు వరంగల్ నంబరు ఏపీ 36 ఉంటే అంత గట్టిగా చెప్పలేం, ఆ బండ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. మేడారం జాతర రెండేళ్లకోసారి కాబట్టి 1996, 1998, 2000 అట్లా సరిసంఖ్య ఏళ్లే చూసుకోవాలి. అన్నట్టు, ఆ ఫొటోల కింద 'వరంగల్ జిల్లా' అనే ఉంటుంది. మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉందని దిద్దకు. అచ్చయిన మాట అచ్చయినట్టే ఉంచి, ఇప్పటి జిల్లా పక్క గడిలో రాయి.

నెగటివ్‌ల డబ్బా మూత తీయగానే సిర్కా (వెనిగర్) వాసన వస్తే అది ఫిల్మ్ చెడిపోతున్న వాసన. వాటిని వెంటనే మిగతావాటికి దూరంగా పెట్టు, స్కానింగ్‌లో మొదటి వంతు వాటిదే. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి ఆమ్లం లేని కాగితం కవర్లలో పెట్టు. జిగురు ఆల్బమ్‌లో అతుక్కున్న ఫొటోను పీకకు, పేజీతో సహా ఫొటో తీయి. లామినేషన్ వద్దే వద్దు. కలరా ఉండలు కూడా వద్దు. బీరువాను గోడకు కొంచెం ఎడంగా జరిపి నెలకోసారి తెరిచి చూస్తే చెదలు ముందే కనిపిస్తాయి. సజ్జ మీద మే నెల ఎండకు ఫిల్మ్ ఉడికిపోతుంది, బీరువా కింది అరలో నీళ్ల భయం. 2023 జులైలో భద్రకాళి చెరువు కట్ట తెగినప్పుడు చూశాం కదా.

స్కానింగ్‌కు ప్రింట్లయితే 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు), చిన్న నెగటివ్‌లకు 2400కు తగ్గకుండా, టిఫ్ ఫైళ్లుగా. మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఊళ్లో. ఇవి నాకన్నా నీకే బాగా తెలుసు. తెలియనిది ఒకటి చెప్తా: చివరి సంచికలు పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో 'అను' అనే తెలుగు ఫాంట్లతో చేసినవి. నీ ల్యాప్‌టాప్‌లో తెరిస్తే పిచ్చి గీతలొస్తాయి. పాడైందని డిలీట్ చేయకు. అది యూనికోడ్ కాదు, ఆ ఫాంటు ఉంటేనే అక్షరం కనబడుతుంది. డీటీపీ చేసే పాత ఆపరేటర్‌ను పట్టుకుని ముందు పీడీఎఫ్‌లు చేయించు.

ఇంటర్నెట్‌లో పెట్టే ముందు ఆగు. బయటి ఫొటోగ్రాఫర్లు మనకు పంపిన ఫొటోల హక్కు వాళ్లదే. 2012 కాపీరైటు చట్ట సవరణ తర్వాత ఫొటోకు కూడా తీసినవాళ్ల జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. వాళ్లను, లేకపోతే వాళ్ల పిల్లలను అడిగి కాగితం మీద రాయించుకో. ఉత్తరాల హక్కూ రాసినవాళ్లదే. పైగా అప్పులు, ఇంటి గొడవలు బాపుకు చెప్పుకున్నవాళ్లున్నారు. అవి నంబరు వేసి లోపలే ఉంచు.

దొరకని సంచికల కోసం హనుమకొండలో 1904 నాటి రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం గ్రంథాలయంలో అడుగు. అచ్చయినవాటి కాపీలు పెద్ద గ్రంథాలయాలకు పంపాలనే 1954 చట్టం కింద కలకత్తా నేషనల్ లైబ్రరీకి, మద్రాసు కన్నెమరా లైబ్రరీకి కూడా కాపీలు పోవాలి. పంపామో లేదో కట్టల్లోని పోస్టు రసీదులు చూస్తే తేలుతుంది. అక్కడా లేకపోతే చందాదారుల ఇళ్లే. జగిత్యాల, మంథని వైపు పత్రికను బైండు చేయించి దాచుకున్నవాళ్లుండేవాళ్లు. చందా రిజిస్టరు నా దగ్గరే ఉంది, వచ్చినప్పుడు తీసుకుపో. అందులో అడ్రసులున్నాయి కాబట్టి దాన్ని మాత్రం ఎవరికీ ఫొటో తీసి పంపకు.

మీ కాక