ఘాట్ రోడ్డు, గెడ్డ నీళ్లు: మీ ప్రశ్నలకు జవాబులు

(జవాబులు రాస్తున్నది ఎస్.కోట–అరకు ఘాట్ మీద బస్సు నడిపి రిటైరైన ఆర్టీసీ డ్రైవరు)

ప్రశ్న: మేం ఐదుగురు స్నేహితులం. వచ్చే శని, ఆదివారాల్లో సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుని ఎస్.కోట మీదుగా అనంతగిరి, కటికి జలపాతం, అరకు చూసి రావాలనుకుంటున్నాం. కారు నడిపే ఫ్రెండ్‌కి ఘాట్ రోడ్డు కొత్త. ఇంట్లో అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది. వెళ్లొచ్చంటారా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: వెళ్లి రండమ్మా. వానలు తగ్గుముఖం పట్టాక ఆ కొండలు చూడాల్సిందే. కానీ శుక్రవారం డ్యూటీ దిగి రాత్రికి రాత్రే బయల్దేరదాం అనుకుంటుంటే మాత్రం ఆ ఆలోచన మానుకోండి. కొత్త చేతికి ఆ ఘాట్ పగలే అప్పజెప్పాలి. తెల్లవారాక కదిలి, ఎస్.కోటలో టిఫిన్ చేసి, అక్కడే పెట్రోలు కొట్టించి, టైర్లలో గాలి చూపించి కొండెక్కండి.

ఎక్కడం పెద్ద విషయం కాదు, దిగేటప్పుడే చూసుకోవాలి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలితే బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. నాలుగు మలుపులు తిరిగేసరికి కాలిన వాసన మొదలవుతుంది, ఆ తర్వాత పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతుంది. వాసన తగలగానే వెడల్పున్న చోట పక్కకు తీసి, ఫస్ట్ గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం వేసి ఆగిపోండి. బ్రేకులు వాటంతటవే చల్లారాలి, నీళ్లు పోయకండి. ఇరుకు చోట ఎదురుగా ఎక్కే బండి వస్తే దిగే బండే ఆగి దారివ్వాలి. అది రూలు.

ఇంత చదివాక మీ ఫ్రెండ్‌కి ధైర్యం చాలకపోతే నామోషీ ఏమీ లేదు. ఎస్.కోట స్టేషన్లో కిరండూల్ ప్యాసింజర్ ఎక్కి బొర్రాలో దిగండి. సొరంగానికీ సొరంగానికీ మధ్య లోయ కనిపించే ఆ దారి నాకు రోడ్డు కన్నా ఇష్టం. బొర్రా నుంచి కటికి వైపు జీపులు దొరుకుతాయి.

మీ అమ్మగారి భయం కారు గురించేమో గానీ, నా భయం నీళ్ల గురించి. కటికిలో దూకేది గోస్తని. అదే నీరు కిందికొచ్చి తాటిపూడి రిజర్వాయర్లో చేరుతుంది. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పై కొండల్లో వాన దంచి ఉండొచ్చు. గెడ్డ, అంటే కొండవాగు, పొంగే ముందు ఆనవాళ్లు కనిపిస్తాయి. తేట నీరు ఎర్రబారుతుంది, ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తాయి, హోరు పెరుగుతుంది. వీటిలో ఏ ఒక్కటి కనబడినా చెప్పులు, ఫోన్లు వెతుక్కుంటూ ఉండిపోకుండా వెంటనే గట్టెక్కేయండి. అవతలి గట్టున చిక్కుకుంటే దాటే ప్రయత్నం చెయ్యొద్దు, నీరు తీసేదాకా అక్కడే ఎత్తు మీద కూర్చోండి. ఒక్కోసారి ఏ ఆనవాలూ లేకుండానే మీద పడుతుంది, కాబట్టి పైన మబ్బు పట్టి ఉంటే అసలు దిగొద్దు. జీపు కుర్రాడు "ఇవాళ బాగోలేదండీ" అంటే అదే చివరి మాట. సెల్ఫీ కోసం నాచు పట్టిన బండ ఎక్కకండి.

ఇంకో మాట అడుగుతున్నాను, కాదనకండి. గాజు సీసాలు అక్కడికి తీసుకెళ్లొద్దు. పగిలిన పెంకు నీళ్లలో కనిపించదు. ఆ గెడ్డలో వట్టి కాళ్లతో నడిచేది అక్కడి గిరిజన పిల్లలు, నీళ్లకొచ్చే ఆడవాళ్లు. మనం రెండు రోజుల్లో ఇంటికొచ్చేస్తాం, ఆ పెంకు అక్కడే ఉండిపోతుంది. నాకు చాలా బాధ కలిగించే విషయమిది.

ప్రశ్న: బైకుల మీద సీతంపేట వైపు జలపాతాలకు వెళ్దామంటే ఏనుగులు ఉన్నాయని భయపెడుతున్నారు. నిజమేనా?
– ముగ్గురు మిత్రులు, పాలకొండ

జవాబు: నిజమే బాబూ. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు ఏళ్ల తరబడి ఆ కొండల కింద పొలాల్లో తిరుగుతున్నాయి. వెళ్లే రోజు పొద్దున్నే గుంపు ఎక్కడుందో అటవీ శాఖ వాళ్లను గానీ దారిలో ఊరివాళ్లను గానీ అడగండి. చీకటి పడకముందే పాలకొండ చేరిపోండి. ఎదురుపడితే హారన్ కొట్టొద్దు, అరవొద్దు, దూరం నుంచే వెనక్కి తిరగండి.

ప్రశ్న: అరకు నుంచి వచ్చిన పది రోజులకు తమ్ముడికి చలిజ్వరం పట్టుకుంది. ప్రయాణం బడలికే అని ఇంట్లో జ్వరం మాత్రలు వేస్తున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, గజపతినగరం

జవాబు: ఉత్తరం అందగానే మీకు ఫోన్ చేసి చెప్పాను, అందరికీ పనికొస్తుందని ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. బడలిక పది రోజుల తర్వాత రాదు. మలేరియా దోమ కుట్టాక జ్వరం బయటపడడానికి వారం, రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఏజెన్సీకి వెళ్లొచ్చాడన్న సంగతి డాక్టరు గారికి మొట్టమొదట చెప్పి, ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. పీహెచ్‌సీలో ఉచితంగా చేస్తారు. మలేరియా అని తేలితే, జ్వరం తగ్గినా డాక్టరు రాసిన కోర్సు చివరి మాత్ర దాకా వేయించండి.